ఇంజను వేడి, గాలి చల్లన



ఈ రోజు ఒక బండి సంగతి చెప్పుకుందాం. బండి సంగతి మనకెందుకు అనుకోకండి. బండి మీద బతికే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి.

నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు ఉంది. చలికాలంలో అక్కడ చలి ఎక్కువ. తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది.

ఒక డ్రైవరు, అతని భార్య కారులో ఆ ఘాటు ఎక్కుతున్నారు అనుకుందాం. కారు అప్పు చేసి కొన్నది. నెలనెలా వాయిదా కట్టాలి. చలికి హీటరు పెట్టారు. వెచ్చటి గాలి వస్తోంది. నాలుగు మలుపులు తిరిగేసరికి గాలి చల్లబడిపోయింది.

"ఏమండీ, హీటరు పాడయిందా?" అంది భార్య.

డ్రైవరు మీటరు చూశాడు. వేడి చూపే ముల్లు పైకి పోయింది.

"ఇదేం వింత! ఇంజనేమో కాగిపోతోంది. గాలేమో చల్లగా వస్తోంది. పైకి పోయాక చూద్దాంలే" అన్నాడు.

"వద్దండీ, ఆపండి. ఎసట్లో నీళ్ళు ఇంకిపోతే గిన్నె మాడదా?" అంది ఆమె.

ఆమె మాట నిజం. ఎలాగో చూడండి.

ఇంజను లోపల నీళ్ళు తిరుగుతుంటాయి. అందులో కూలెంట్ అనే మందు కలుపుతారు. ఆ నీళ్ళు ఇంజను వేడిని తీసుకుని రేడియేటరుకు పోతాయి. అక్కడ చల్లారి మళ్ళీ ఇంజనుకు వస్తాయి. కొన్ని వేడి నీళ్ళు హీటరుకు పోతాయి. హీటరుకు వేరే పొయ్యి లేదు. ఆ నీళ్ళ వేడే దానికి ఆధారం.

నీళ్ళు తగ్గితే హీటరు దాకా రావు. అప్పుడు గాలి చల్లగా వస్తుంది. ఇంజను కాగుతుంది. ఇవి రెండు జబ్బులు కావు. ఒకే జబ్బు. గొట్టాల్లో గాలి చేరినా ఇలాగే అవుతుంది. నీళ్ళు తిప్పే పంపు చెడినా అంతే.

డ్రైవరు బండి పక్కకు ఆపాడు. ఇంజను కట్టేశాడు. తువ్వాలు పట్టుకుని రేడియేటరు మూత తియ్యబోయాడు. భార్య చెయ్యి పట్టుకుంది.

"ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా? ముఖం కాలిపోదూ!"

డ్రైవరు ఆగాడు. అరగంట దాటింది. ఇంజను బాగా చల్లారింది. అప్పుడు ఇద్దరూ వెతికారు. నీళ్ళ డబ్బా మీద రెండు గీతలు ఉంటాయి. నీళ్ళు ఆ రెంటి మధ్య ఉండాలి. ఇందులో కింది గీత కంటే తక్కువున్నాయి. బండి కింద నేల తడిసింది. ఒక రబ్బరు గొట్టం పగిలి ఉంది.

మెకానిక్కు ఫోను చేశారు. అతను కొత్త గొట్టం వేశాడు. కూలెంట్ కలిపిన నీళ్ళు పోశాడు. హీటరు తెరిచి ఇంజను నడిపాడు. లోపలి గాలి బయటికి పోయింది. మళ్ళీ వెచ్చటి గాలి వచ్చింది.

గొట్టం ఒక్కటే పోయింది. అలాగే నడిపి ఉంటే ఇంజను పోయేది. వాయిదాలు మాత్రం మిగిలేవి.

ఇంకొక్క మాట. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పొయ్యకూడదు. ఇంజను పగలవచ్చు. కూలెంట్ తియ్యగా ఉంటుంది గాని, అది విషం. పిల్లలకు, పశువులకు అందనియ్యకండి.

మీ ఇంట్లో బండి ఉందా? అయితే రేపు పొద్దున, బండి తియ్యకముందే, ఆ డబ్బా గీతలు మీరే చూడండి.