తిరిగి పోయేవాళ్లకు సాక్ష్యం కావాలి



శబరి ఒడ్డున ఉండేవాళ్ల సంగతి ఆత్మకూరులో ఎందుకని కొందరు అడిగినారు. పులుల అడవి పేరుతో పెంటలు ఖాళీ చెయ్యమంటే ఎట్లుంటాదో మన చెంచులకు ఇంకొకరు చెప్పక్కరలేదు కదా.

2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊర్లు తగలబెట్టినారు, జనాన్ని క్యాంపులకు తోలినారు. ఇటు జుడుం, అటు మావోయిస్టుల మధ్య నలిగి వేలమంది అప్పటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చినారు. వాళ్లనే ఇక్కడ గుత్తికోయలు అంటాం. ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసుల పేరుతో తుపాకులు ఇయ్యడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది. అయినా జనం వెంటనే ఊర్లకు పోలేకపోయినారు.

వాళ్లు దాటింది రాష్ట్రం, దేశం కాదు. కాబట్టి శరణార్థులన్న పేరు కూడా లేదు. ఎస్టీ గుర్తింపు సొంత రాష్ట్రంలోనే చెల్లుతుంది, ఇక్కడ సర్టిఫికెట్ రాదు. పోడు చేస్తే ఫారెస్టోళ్లతోనే కాదు, పక్క ఊరి కోయలతోనూ తగాదా. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అటవీ రేంజ్ అధికారి హత్య జరిగినాక, వీళ్లందర్నీ పంపేయాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. హంతకులకు శిక్ష పడాల్సిందే. దానికి గూడేలకు గూడేలను తరమడమేంది? తరమడం వేరు, పోతామన్నవాళ్లకు తోడుండటం వేరు. 2019లో సుక్మా జిల్లా మరాయిగూడకు కొన్ని కుటుంబాలు తిరిగి పోయినాయి. అట్లా పోయేవాళ్లకు అక్కడ ముందు ఎదురయ్యే ప్రశ్న భూమి.

అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) చూడండి. 2005 డిసెంబర్ 13కు ముందు అక్రమంగా అడవి భూమి నుంచి వెళ్లగొట్టిన ఆదివాసీలకు పునరావాసం, బదులు భూమి హక్కు అందులో ఉంది. మరి 2006లో పారిపోయి వచ్చినోళ్లు? వాళ్లకోసం వేరేగా కొట్లాడాల్సిందే. ఎవరు ఎప్పుడు, ఏ ఊరి నుంచి వచ్చినారో తెలిసింది సరిహద్దు కోయ పెద్దలకే. వాళ్ల వాంగ్మూలం రాసిస్తే సాక్ష్యమని నిబంధనలే చెప్తున్నాయి. ఆ పెద్దలు ఇప్పటికే ముసలోళ్లైనారు. పిల్లలకు ఇక్కడి బడి టీసీలు కూడా ఇప్పించాలి. తెలుగులో చదివిన పిల్లోడు రేపు హిందీ బడిలో కూచోవాల.

మనం పెంటల్లో ఫారాలు నింపి నింపి నేర్చుకున్న పని ఇది. చింతూరు, కూనవరం వైపు యువకులకు నేర్పడానికి వారం రోజులు రాగలిగినవాళ్లు, మీటింగ్ అయినాక నా దగ్గర పేర్లు రాయించండి.