పగులు పూడ్చకముందు



మన హోసూరులో ఇంటి పని బేరం మూడు భాషలలో సాగుతుంది. మేస్త్రి తమిళంలో లెక్క చెబుతాడు, టైల్సు దుకాణంవారు కన్నడంలో ధర చెబుతారు, ఇంట్లో మనం తెలుగులో తల ఊపుతాము. కాగితం మీద మాత్రం ఏ భాషలోనూ ఒక్క ముక్క ఉండదు. చెమ్మ దిగిన తరువాత, నెర్రె విచ్చిన తరువాత, ఎవరు ఏమి అన్నారన్న తగవు మొదలవుతుంది.

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. మా మేడమీది స్నానాల గది పని ముగిసిన కొద్ది నెలలకే కింది గది గోడ తడిసి సున్నం రాలసాగింది. గుత్తేదారుకు నాలుగైదు సార్లు ఫోను చేశాను. రేపు, ఎల్లుండి అన్నాడు. ఓపిక నశించి మరొకరిని పిలిచి, టైల్సు పగలగొట్టించి, పైపు అతుకు మార్పించి, తిరిగి పరిపించాను. ఆ ఖర్చు అడగబోతే అతడు నెమ్మదిగా, “ఏ అతుకండీ? చూపండి” అన్నాడు. చూపడానికి ఏమీ మిగలలేదు. తప్పు అతనిదే కావచ్చు. దాని సాక్ష్యాన్ని నా డబ్బుతో నేనే పూడ్చిపెట్టాను.

కాబట్టి నేటి ప్రసంగంలో నేను నొక్కి చెప్పదలచినది ఇదొక్కటే: మరమ్మతు కంటే ముందు పరిశీలన. ప్రాణాపాయం ఉన్నప్పుడు, అంటే తీగ కాలుతున్నా, పైకప్పు పెచ్చులూడి పడుతున్నా ఆగకూడదు. అప్పుడు కూడా ఫోటోలు తీసి, తీసేసిన భాగాన్ని దాచి పనికి దిగాలి. తక్కిన సందర్భాలలో పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. నెల తరువాత పగులు గీత దాటితే ఆ గోడే సాక్ష్యం చెబుతుంది. గుత్తేదారుతో సంబంధం లేని ఇంజనీరును పిలిచి లిఖితపూర్వక నివేదిక తీసుకోండి. శ్లాబు కారుతున్నదన్న అనుమానముంటే ఆయన మడి కట్టించి నీరు నిలిపి చూస్తారు. కాంక్రీటు గట్టిదనం తెలుసుకోవడానికి పరీక్షలున్నాయి. ఆ పరిశీలనకు గుత్తేదారును కూడా రమ్మని ముందే తెలియజేయాలి. రాకపోతే ఆ సంగతీ నివేదికలో చేరుతుంది.

తరువాత నోటీసు. లోపాలు ఏవి, ఎప్పుడు కనబడ్డాయి, ఎన్ని రోజులలో సరిచేయాలి అన్నవి స్పష్టంగా వ్రాసి, అందినట్లు రుజువు దొరికే తపాలాలో పంపాలి. సరిచేసే అవకాశం ఇచ్చిన యజమాని మాటకు ఏ న్యాయపీఠం ముందైనా బరువుంటుంది.

ఇక ఎవరి ముందుకు వెళ్ళాలి? చాలామంది నేరుగా నగరపాలక సంస్థకు వస్తారు. ప్లాను ఆమోదం నిబంధనలకు సంబంధించినది. మేస్త్రి పనితనానికి పూచీ కాదు. విద్యుత్ గుత్తేదారుకు లైసెన్సు ఇచ్చేది వేరే అధికారులు. వైరింగు ప్రమాదకరంగా ఉంటే వారికి తప్పక ఫిర్యాదు చేయండి. వారు లైసెన్సు మీద చర్య తీసుకోగలరు, మీ నష్టం ఇప్పించరు. ఈ రెంటినీ కలిపి చూసి ఏళ్ళు పోగొట్టుకున్నవారున్నారు.

నష్టపరిహారానికి దారి జిల్లా వినియోగదారుల కమిషను, మనకు కృష్ణగిరిలో. సొంత నివాసానికి చేయించుకున్న నిర్మాణం చట్టం దృష్టిలో సేవ. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలకు మించకపోతే కేసు జిల్లా కమిషను పరిధిలోనిది. 5 లక్షల వరకు దాఖలు రుసుమే లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. 2019 చట్టం వల్ల మనకు కలిగిన పెద్ద మేలు మరొకటి: గుత్తేదారు బెంగళూరువాడైనా, ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చు. అయితే వ్యాజ్య కారణం తలెత్తిన నాటినుండి గడువు 2 సంవత్సరాలు. “వస్తాను, చూస్తాను” అన్న ఫోను మాటలను నమ్మి కూర్చుంటే గడువు ఆగదు. కేసు 3 నెలలలో, పరీక్షలు అవసరమైతే 5 నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఎక్కువ కాలమే పడుతుందనుకొని సిద్ధపడండి. రాజీకి వీలున్నట్లు తోస్తే, ఇరుపక్షాలూ లిఖితపూర్వకంగా సమ్మతించిన మీదట కమిషను మధ్యవర్తిత్వానికి పంపుతుంది. ఇంటి పని తగవులకు అదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మనకు తీర్పు కంటే కారని పైకప్పు ముఖ్యం.

గుత్తేదారుల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కూలి గుత్తకు ఇచ్చి, చవక సిమెంటు మనమే కొని తెచ్చి, నాసిరకమైందని మేస్త్రిని నిలదీయడం ధర్మమా? శ్లాబుకు రోజూ నీళ్ళు పెట్టే బాధ్యత మనం తీసుకొని, పెళ్ళికి ఊరెళ్ళి ఎండబెట్టినవారూ ఉన్నారు. గోడ లేచాక కిటికీ జరపమన్నవారూ ఉన్నారు. ఆ మార్పుకు అదనపు కూలి ఎంతో వ్రాసుకోరు.

అందుకే ఒప్పందం రెండు పుటలైనా సరే, సామగ్రి ఎవరిది, నీళ్ళు పెట్టడం ఎవరి పని, మార్పులకు లెక్క ఎలా అన్నవి అందులో ఉండాలి. చివరి వాయిదాలో కొంత మొత్తం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకొనే షరతు కూడా చేర్చుకోండి. వానలు వెళ్ళి గోడ పొడిగా ఉంటే, ఆ మొత్తాన్ని అతడు వచ్చి అడగకముందే పిలిచి ఇచ్చి రసీదు తీసుకోండి.