విత్తనము మన ఇంటనే ఉండవలెను



1956లో కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు 14 గ్రామాల రైతులను కూర్చి సహకార సంఘము నెలకొల్పిరి. అప్పులిచ్చుటతో మొదలైన ఆ సంఘము, సభ్యుల పొలాలలోనే వరి విత్తనము పండించి, శుద్ధిచేసి అమ్మునంతగా ఎదిగినది. విత్తన చేనులో ఒక్కరు కేళీలు ఏరకున్నను అందరి పేరు చెడును. గనుక అక్కడ నమ్మకమే మూలధనము.

మన చిత్తూరు వేరుశెనగకు ఈ పాఠము మరింత అవసరము. ఎకరానికి అరవై కిలోల పప్పైనను కావలెను. ఒలిచి ఉంచినచో మొలక త్వరగా చెడును. తిరుపతి పరిశోధనా స్థానము ‘నారాయణి’ వంటి రకములను ఇచ్చినది. వాటిని పెంచి, కాయగానే దాచుకొనవలసినది మనమే. తొలకరికి విత్తనముకై అప్పుచేసిన రైతుకు పండిన పంట పూర్తిగా తనది కాదు. పది కుటుంబములు కూడినను మనము ఆరంభింపవచ్చును.