ఇంజను మార్చాలా? కారు వదులుకోవాలా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకునే వేదిక మీద కారు ఇంజను గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నా ఉద్యోగమంతా ప్రభుత్వ శాఖ వాహనాల వర్క్‌షాపులో గడిచింది కాబట్టి ఈ విషయంలో సలహా అడిగే సభ్యులు తరచూ నా దగ్గరకు వస్తుంటారు. అందరికీ ఒకేసారి చెబితే బాగుంటుందని కార్యదర్శిగారు కోరారు.

మనలో చాలామంది గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కున్నవాళ్లమే. నాలుగైదేళ్లు బాగానే తిరుగుతుంది. ఒకరోజు రోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోతుంది. తాళ్లు కట్టి షెడ్డుకు లాక్కెళితే, మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇంజను పోయిందండీ. లక్ష దాకా అవుతుంది" అంటాడు. కారు విలువే లక్షన్నర. చద్దికంటె ఊరగాయ ఘనమన్నట్టు ఉంటుంది వ్యవహారం. అయినా వచ్చిన కంగారులో ఆ సాయంత్రానికే "సరే, కానివ్వు" అనేస్తాం. లేకపోతే కోపం వచ్చి, ఎవరెంతకు అడిగితే అంతకు ఇచ్చేస్తాం. రెండూ తొందరపాటే.

మనం పనిచేసిన ప్రతి ఆఫీసు ఆవరణలోనూ చెట్టు కింద ఇటుకల మీద నిలబెట్టిన జీపు ఒకటి ఉండేది, గుర్తుందా? దాన్ని కండెమ్ చేయడానికి ఫైలు ఏళ్ల తరబడి తిరిగేది. మనం నవ్వుకునేవాళ్లం. కాని ఆ ఫైల్లో కొన్ని మంచి ప్రశ్నలు ఉండేవి. బండి వయసెంత, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రిపేరు ఎస్టిమేటు ఎంత, రిపేరు చేస్తే ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది? ప్రభుత్వ జీపుకు ఈ ప్రశ్నలన్నీ వేసిన మనం, సొంత సొమ్ముతో కొన్న కారుకు ఒక్కటీ వేయం. ఈరోజు నా మనవి ఒక్కటే. ఇంజను ధర చూసి నిర్ణయం చేయకండి. మిగిలిన కారు ఎన్నేళ్లు నడుస్తుంది, ఆ ఏళ్లలో మీ ఇంటికి దానితో ఎంత పని ఉంది అన్నది చూసి నిర్ణయం చేయండి.

మొదట తేల్చుకోవలసింది, నిజంగా ఇంజను పోయిందా అని. "ఇంజను పోయింది" అనే మాట డాక్టరు "ఒంట్లో బాగోలేదు" అనడం లాంటిది. ఏ రోగమో తెలియాలి. నీళ్లు తగ్గి ఇంజను వేడెక్కితే హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు. అప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది, ఆయిల్లో నీళ్లు కలిసి పాలు పోసిన కాఫీలా అవుతుంది. హెడ్ వంగకపోతే, లేదా కొద్దిగా వంగితే ఫేసింగ్ చేయించి, గాస్కెట్ మార్చి నడిపించవచ్చు. టైమింగ్ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. అది పెద్ద పనే అయినా, చాలాసార్లు హెడ్ వరకే పని. నీలిరంగు పొగ వస్తూ, ఆయిల్ తాగేస్తూ ఉంటే రింగులు, బోరు అరిగాయని అర్థం. రీబోరు చేయించి పిస్టన్లు మారిస్తే సరిపోతుంది. ఆయిల్ అందక బేరింగులు పట్టేసి, క్రాంకు దెబ్బతిని, బ్లాకు పగిలితేనే అసలైన ఇంజను మార్పిడి మాట వస్తుంది.

కాబట్టి మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. ఒకటి, కంప్రెషన్ టెస్టు చేసి ఒక్కొక్క సిలిండరు రీడింగు కాగితం మీద రాసివ్వమనండి. ఇంజను అసలు తిరగకుండా పట్టేసి ఉంటే ఆ టెస్టు కుదరదు. అప్పుడు హెడ్ విప్పి చూపించమనండి. రెండు, ఎందుకు పోయింది అని అడగండి. ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. రేడియేటరు మూసుకుపోయి పాత ఇంజను కాలిపోతే, అదే రేడియేటరు కింద పెట్టిన కొత్త ఇంజనూ కాలిపోతుంది. కారణం చెప్పలేని మెకానిక్‌కు ఇంజను అప్పగించకండి. మరో షెడ్డులో కూడా చూపించి, రెండు ఎస్టిమేట్లు రాతపూర్వకంగా తీసుకోండి.

వరదనీటి సంగతి వేరుగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. మునిగిన కారును తాళం తిప్పి స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్లు తీసి, ఆయిల్ మార్చితే బతికే ఇంజను ఆ ఒక్క ప్రయత్నంతో చచ్చిపోతుంది. మామూలు సమగ్ర బీమా పాలసీలో అరుగుదల వల్ల, యాంత్రిక లోపం వల్ల ఇంజను పోతే పరిహారం రాదు. నీటి వల్ల ఇంజను పాడైతే సాధారణంగా ఇంజను రక్షణ అనే అదనపు కవరు ఉన్నవారికే మేలు. పాలసీ కాగితం ఒకసారి తీసి చదవండి.

ఇక ఇంజను నిజంగానే పోయిందని తేలితే మూడు దారులు. పాత ఇంజనునే విప్పి ఓవర్‌హాల్ చేయించడం, అదే మోడలు సెకండ్‌హ్యాండ్ ఇంజను తెచ్చి వేయించడం, కారును వదిలించుకోవడం. కంపెనీ కొత్త ఇంజను పాత కారుకు సామాన్యంగా గిట్టుబాటు కాదు.

సెకండ్‌హ్యాండ్ ఇంజను కొనేటప్పుడు దాని నంబరు చెరిపి ఉందేమో చూడాలి. ఏ బండి నుంచి తీశారో దాని కాగితాల నకలు, అమ్మినవారి బిల్లు లేకుండా ముట్టుకోకూడదు. అది దొంగ బండిదైతే స్టేషన్ మెట్లెక్కేది మనమే. ఇంజను మార్చాక 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బీమా కంపెనీకీ తెలపాలి. ఇది చేయకపోతే రేపు క్లెయిము వచ్చినప్పుడు, కారు అమ్మేటప్పుడు చిక్కు తప్పదు. ఇంకొక మాట. ఇంజను ధరే మొత్తం ఖర్చు కాదు. దించి ఎక్కించే కూలి, క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, మౌంటింగులు, హోసు పైపులు, ఆయిల్, కూలెంటు, కావాలంటే రేడియేటరు కూడా ఎస్టిమేటులో ఉండాలి.

తరువాత మిగిలిన కారును చూడాలి. కిందికి వంగి తుప్పు చూడండి. గేరుబాక్సు, సస్పెన్షను, ఎ.సి., టైర్ల వయసు చూడండి. తుప్పు పట్టిన బాడీలో మంచి ఇంజను పెట్టడం కూలే గోడకు సున్నం వేయడమే. ఆర్.సి. గడువూ చూడండి. మనం కమ్యూట్ చేసిన పెన్షను 15 ఏళ్లకు తిరిగి వస్తుంది, కారు రిజిస్ట్రేషను మాత్రం 15 ఏళ్లకు తీరిపోతుంది! సొంత కారుకు తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవచ్చు. దానికి 600 రూపాయలున్న ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. మన జీపులకు ఆ అవకాశమూ లేదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి నమూనాగా అనుకున్న అంకెలే. మీ అంకెలు మీరు వేసుకోండి. 11 ఏళ్ల కారు. ఇంజను పనికి మొత్తం 95,000. టైర్లు, బ్యాటరీకి 25,000. ఉన్నదున్నట్టు అమ్మితే 40,000 వస్తుంది. అమ్మడం లేదు కాబట్టి అదీ మన ఖర్చే. మొత్తం 1,60,000. నాలుగేళ్లు వాడి 50,000కు అమ్ముతామనుకుంటే నికరంగా 1,10,000. అంటే ఏడాదికి 27,500. దానికి బీమా 8,000, సర్వీసింగు 12,500 కలిపితే కారు గుమ్మంలో ఉన్నందుకే ఏడాదికి 48,000. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా.

తిరిగినప్పుడు పెట్రోలుకు కిలోమీటరుకు 8 రూపాయలు అనుకుందాం. ఆటోలోనో అద్దె కారులోనో వెళితే కిలోమీటరుకు 20 అనుకుందాం. తేడా 12 రూపాయలు. 48,000ను 12తో భాగిస్తే 4,000 కిలోమీటర్లు. ఏడాదికి 4,000 కంటే ఎక్కువ, అంటే రోజుకు సగటున 11 కిలోమీటర్ల కంటే ఎక్కువ తిరిగే ఇంటికి ఇంజను వేయించడం గిట్టుతుంది. అంతకు తగ్గితే అద్దె బండే చవక. ఈ లెక్కలో కారు మొదట ఎంతకు కొన్నామన్నది ఎక్కడా రాలేదు, గమనించారా? పోయిన ఏడాది వేసిన కొత్త సీటు కవర్లూ రాలేదు. అది క్లోజ్ అయిన ఫైలు. మళ్లీ తెరవకూడదు.

లెక్కతోనే అన్నీ తేలవని నాకూ తెలుసు. మన సభ్యులలో ఒక పెద్దాయన భార్యకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. రానుపోను 24 కిలోమీటర్లు. ఏడాదికి 3,700 పైచిలుకు. మిగతా తిరుగుడు పెద్దగా లేదు. లెక్క ప్రకారం తూకం అటూ ఇటూ కాకుండా నిలిచింది. కాని ఆవిడకు తెల్లవారుజామున 5 గంటల షిఫ్టు. డయాలిసిస్ అయ్యాక నీరసంతో ఆటో కోసం గేటు దగ్గర నిలబడలేరు. బాడీ గట్టిగా ఉంది, ఆర్.సి.కి ఇంకా నాలుగేళ్లుంది. ఆయన ఇంజను వేయించారు. సరైన నిర్ణయమే చేశారని నా అభిప్రాయం.

మరొక సోదరి ఫ్యామిలీ పెన్షనరు. భర్త ముచ్చటపడి కొన్న కారు. ఆయన పోయాక మేనల్లుడు వచ్చినప్పుడు నడపడమే, ఏడాదికి 900 కిలోమీటర్లు కూడా తిరగడం లేదు. ఇంజను పట్టేసింది. లక్ష రూపాయలు సిద్ధం చేసుకుని, "అన్నయ్యగారూ, ఆయన గుర్తు కదా, ఎలా వదలను?" అన్నారు. నేను ఒకే మాట అడిగాను. "అమ్మా, ఈ లక్ష పోగా రేపు మీకు ఆసుపత్రి అవసరం వస్తే చేతిలో ఎంత ఉంటుంది?" ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కారు ఇచ్చేశారు. తాళంచెవి మాత్రం దేవుడి గూట్లో ఉంచుకున్నారు. గుర్తుకు అది చాలు కదండీ.

వదిలేసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ఆర్.సి. రద్దు చేయించకుండా పాత ఇనుము వాళ్లకు ఇవ్వకండి. మీ పేరు, మీ ఛాసిస్ నంబరు మరో బండి మీద తిరగవచ్చు. 2021 నిబంధనల ప్రకారం ఏర్పడిన నమోదిత స్క్రాపింగు కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద కొత్త సొంత వాహనం కొన్నప్పుడు, రాష్ట్ర ఉత్తర్వులను బట్టి, మోటారు వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీ ఉంటుంది.

చివరిగా, కారుతో పాటు మన సంగతి కూడా చూసుకోవాలి. 55 దాటాక లైసెన్సు అయిదేళ్లకొకసారే వస్తుంది, అదీ వైద్య సర్టిఫికెట్‌తో. రాత్రిపూట ఎదురు దీపాలు కళ్లకు కొడుతుంటే, నాలుగేళ్లు మన్నే ఇంజనును నడిపేదెవరు? ఇంజను వేయించడానికి ముందు కంటి డాక్టరుకు చూపించుకోవడం తప్పు కాదు. పెన్షను మీద అప్పు తీసి మాత్రం ఇంజను వేయించకండి. అమ్మాయి, అబ్బాయి దూరదేశం నుంచి ఫోనులో "అమ్మేయండి నాన్నా" అన్నారని అమ్మేయకండి, "కొత్తది కొనిస్తాం" అన్నారని ఊరుకోకండి. దంపతులిద్దరూ కూర్చుని, ఒక కాగితం తీసుకుని, ఈ నాలుగు అంకెలు వేయండి: ఇంజనుకయ్యే మొత్తం ఖర్చు, కారుకు మిగిలిన ఏళ్లు, ఏడాదికి తిరిగే కిలోమీటర్లు, ఖర్చు పోగా ఆసుపత్రి అవసరానికి చేతిలో మిగిలే సొమ్ము. నాలుగో అంకె చూసి ధైర్యంగా ఉంటేనే షెడ్డుకు ఫోన్ చేయండి.

కాగితం రాసుకున్నాక సందేహముంటే సంఘ కార్యాలయానికి తీసుకురండి. నాకు తెలిసినంతలో కూర్చుని చూస్తాను.