వ్యాధికి జాతి యున్నదా?

వైద్యవిద్యార్థి మొదట నేర్చుకొనునది రోగిని చూచుట. ఆ చూపును తీర్చిదిద్దునది పాఠ్యగ్రంథము. అందులో చోటు చేసికొన్న దోషము తరతరముల వైద్యులకు సంక్రమించును. వ్యాధికి జాతియే కారణమని బోధించుట అట్టి దోషములలో ఒకటి. దానిని గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి.

1910లో అమెరికాలో హెరిక్ అను వైద్యుడు, గ్రెనడా ద్వీపమునుండి వచ్చిన ఒక విద్యార్థి నెత్తురులో కొడవలివంటి కణములున్నవని ప్రకటించెను. అది మొదలు చాలకాలము సికిల్ సెల్ నల్లజాతివారి వ్యాధియనియే బోధించిరి. 1952లో మన నీలగిరి గిరిజనులలో ఆ లక్షణము బయటపడెను. గ్రీసులోను, అరేబియాలోను కూడ అది కలదు. మలేరియా ప్రబలిన సీమలలో అది పాదుకొన్నదే గాని, చర్మపు రంగుతో దానికి పనిలేదు. సీతంపేట మన్యమునుండి కీళ్ళనొప్పులతో వచ్చిన సవర బిడ్డకు నెత్తురు పరీక్ష చేయవలసినదే. అయితే "ఇది గిరిజనుల రోగము" అని నేర్చుకొన్న వైద్యుడు, అవే నొప్పులతో వచ్చిన మైదానపు బిడ్డను పరీక్షింపకయే పంపివేయగలడు.

ఇక మన ఉద్దానము సంగతి. కవిటి, సోంపేట, మందస, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో శ్రోతలెరుగుదురు. రక్తములోని క్రియాటినిన్‌ను కొలిచి, ఒక సూత్రముతో మూత్రపిండముల శక్తిని లెక్కగట్టుదురు. 2009లో అమెరికాలో కూర్చిన సూత్రము, రోగి నల్లజాతివాడైనచో ఫలితమును 1.159తో హెచ్చింపుమనెను. వారికి కండ యెక్కువయని ఊహ. అక్కడ మూత్రపిండపు మార్పిడికి వేచియుండు కాలము, శక్తి 20కి దిగినపుడు లెక్కకు వచ్చును. 18 ఉన్న రోగికి ఈ హెచ్చింపుతో దాదాపు 21 వచ్చును. అతడు వరుసకు వెలుపలనే నిలిచిపోవును. 2021లో ఆ హెచ్చింపును తొలగించిరి.

అయినను ఆ సూత్రము మన కూలివాని దేహమును కొలిచి కట్టినది కాదు. క్రియాటినిన్ కండనుండి పుట్టును. జీడితోటలో ఎండకు శ్రమించు బక్కపలుచని మనిషికి కండ తక్కువ గనుక, అంకె నిజముకంటె మెరుగుగా కనిపింపవచ్చును. ఇందుకు విరుగుడు మరియొక జాతికి మరియొక హెచ్చింపు కాదు. ఎదుటి మనిషిని పరికించి, అవసరమైనచో కండతో అంతగా సంబంధములేని సిస్టాటిన్ సి పరీక్షను చేయించుట. ఉద్దానపు వ్యాధికి మూలము ఇంకను తేలలేదు. అది అక్కడివారి వంశదోషమని ముద్రవేసి ఊరకున్నచో, నీటిని, ఎండను, పురుగుమందులను శోధించువారెవరు?

శ్రీకాకుళములోను, 2023లో ప్రారంభమైన విజయనగరము ప్రభుత్వ వైద్యకళాశాలలోను చదువుకొను యువతీయువకులకు ఈ పాఠము మన ఊళ్ళనుండియే అందవలెనని మా మనవి. రోగివెంట పోవు మనమును, "అయ్యా, ఈ అంకె మా మనిషి దేహమునకు సరిపోవునా?" అని వినయముగా అడుగవచ్చును. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగింపడు.