తలాఖ్ తర్వాత బిడ్డ ఎవరికి?

 

తలాఖ్, ఖులా తగాదాలతో మన సొసైటీకి వచ్చేవారు మహర్ గురించి, జహేజ్ సామాను గురించి గంటల తరబడి మాట్లాడతారు. బిడ్డ మాట చివరికి వస్తుంది. అదీ పంతంగానే. “ఖర్చులు ఇవ్వనివాడికి బిడ్డను చూపించం” అని ఒక వైపు, “చూపించకపోతే పైసా ఇవ్వం” అని మరో వైపు.

ఈమధ్య ఒక ఆరేళ్ల బాబు మా ఆఫీసులో తండ్రిని చూసి కూడా కుర్చీలోంచి లేవలేదు. తల్లి ముఖం చూశాడు. ఆమె తలూపాకే వెళ్లాడు.

నికాహ్ తెగినా అమ్మానాన్నలు అమ్మానాన్నలే. బిడ్డ కారణంగా తల్లినిగానీ తండ్రినిగానీ బాధించరాదని సూరా బఖరా 233వ ఆయత్ బోధిస్తోంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం కొడుకు 7 ఏళ్ల వరకు, కూతురు యుక్తవయసు వచ్చేవరకు తల్లి సంరక్షణలో ఉంటారు. పోషణ ఖర్చు తండ్రిదే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు కూడా ముందు బిడ్డ మేలునే చూస్తుంది. పోషణ, తండ్రి పలకరింపు రెండూ బిడ్డ హక్కులు. ఒకదానికోసం మరొకదాన్ని తాకట్టు పెట్టకూడదు.

దాతలారా! కోర్టు వరండాలో కాకుండా, ఆదివారం పూట పిల్లలు తండ్రిని కలుసుకునేందుకు మన సొసైటీలో ఒక గది ఏర్పాటు చేయదలిచాము. ఒక చాప, నాలుగు బొమ్మలు, దగ్గర ఒక పెద్దమనిషి, పేద తల్లులకు బస్సు ఛార్జీ. మీ సదకాలో కొంత దీనికి కేటాయించండి. అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.