ఆడపిల్లల ఫుట్‌బాల్ – మైదానం హక్కు
(బేగంబజారులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కింద ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణాల చప్పుడులో నా గొంతు చివరిదాకా వినపడుతుందో లేదో తెలియదు. వినపడకపోతే చెయ్యెత్తండి. బేగంబజారులో స్త్రీల హక్కుల మీటింగంటే కూలిరేట్ల గురించో, ఇంట్లో హింస గురించో మాట్లాడతాననుకుని వచ్చి వుంటారు. ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులే కొంచెం తటపటాయించారు. "మన ఆడవాళ్ళకి దాంతో ఏం పని?" అని ఒకరు అడిగారు కూడా. నిజం చెప్పాలంటే నేనెప్పుడూ బంతి తన్నినదాన్ని కాదు. మా బడిలో ఆటల పీరియడంటే మగపిల్లలు గ్రౌండుకి పోవడం, మేం వరండాలో కుట్లు కుట్టడం.

పోయిన నెల ఇక్కడికి దగ్గర్లోనే, ఇంట్లో కూర్చుని చింతపండు గింజలు తీసే ఒకామెతో మాట్లాడాను. కిలో లెక్కన కూలి. కూతురు తొమ్మిదో తరగతి, బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. సెలెక్షన్‌కి పేరొచ్చింది. "గెలిస్తే ఏమొస్తది మేడమ్?" అని ఆమె అడిగింది. ఇది కూతురి ముందే అడిగింది. ఆ పిల్ల నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. "పది రోజులు క్యాంపంట. రాత్రిళ్ళు ఆడనే పండాలంట. ఆడ ఎవరుంటరు?"

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ రెండు ప్రశ్నలకి జవాబే.

మొదట గెలిస్తే ఏమొస్తుందో చూద్దాం. ఆతిథ్య దేశం తప్ప ప్రపంచ కప్‌కి ఏ దేశమూ నేరుగా పోదు. ముందు అర్హత పోటీలుంటాయి. మూడు నాలుగు దేశాల్ని ఒక గుంపుగా చేసి ఒక ఊళ్ళో ఆడిస్తారు. అక్కడ గెలిచిన జట్టు ఆసియా కప్‌కి పోతుంది. ఆసియా కప్‌లో పైస్థానాల్లో నిలిచినవాళ్ళకే ప్రపంచ కప్‌లో చోటు. 2025 ఆగస్టు 10న మన 20 ఏళ్ళలోపు అమ్మాయిలు యాంగాన్‌లో మయన్మార్‌ని వాళ్ళ సొంత గడ్డ మీదే 1-0తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సంపాదించారు. ఇరవై ఏళ్ళ తర్వాత దక్కిన చోటు అది. అదే ఏడాది అక్టోబరు 17న 17 ఏళ్ళలోపు అమ్మాయిలు బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌తో ఆడారు. మొదట ఒక గోలు వెనకబడి, తర్వాత రెండు కొట్టి గెలిచారు. మన పేపర్లలో ఆ వార్తకి ఎంత చోటు దొరికిందో మీకు తెలుసు. క్రికెట్ స్కోర్ల కింద నాలుగు లైన్లు.

ఈ గెలుపుని 2022తో పోల్చి చూడాలి. ఆ ఏడాది 17 ఏళ్ళలోపు అమ్మాయిల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి అర్హత పోటీ ఆడకుండానే మన జట్టుకి చోటొచ్చింది. అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. ఒక్క గోలు కూడా కొట్టలేకపోయారు. దాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. అవతలి పిల్లలు ఆరేడేళ్ళ వయసు నుంచి క్లబ్బుల్లో, లీగుల్లో ఆడుతూ పెరిగినవాళ్ళు. మన పిల్లల్లో చాలామంది కూలీల బిడ్డలు, చిన్నకారు రైతుల బిడ్డలు. పెద్ద పోటీ వస్తోందని తెలిశాక ఒకచోట చేర్చి తయారు చేశారు. భవనం ఎత్తి ఆ తర్వాత పునాది తవ్వినట్టు.

అసలు మనవాళ్ళకి ఆట రాక కాదు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మనవాళ్ళు రన్నరప్. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ రన్నరప్. ఆ రోజుల్లో స్త్రీల ఫుట్‌బాల్‌ని నడిపింది వేరే సంఘం. మగవాళ్ళ సమాఖ్య పట్టించుకోలేదు. 1990ల మొదట్లో పట్టించుకుని తనలో కలుపుకుంది. ఆ తర్వాత ఏం జరిగింది? 2009 నాటికి మన మహిళల జట్టు నెలల తరబడి ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోవడంతో ప్రపంచ ర్యాంకుల పట్టికలోంచే పేరు తీసేశారు. ఓడిపోయినందుకు కాదు సుమా, ఆడించనందుకు.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాద్ అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆ జట్టులో మన ఊరివాళ్ళు ఎంతోమంది. అమ్ముగూడ బస్తీ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. ఈ కథని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే ఒక సామాజిక శాస్త్ర విద్యార్థిగా నాకు ఇందులో కనిపించేది ఉద్యోగం. పేదింటి కుర్రవాడు బాగా ఆడితే పోలీసులో ఉద్యోగమొచ్చేది. నెల జీతం వచ్చేది. తల్లిదండ్రులు "ఆడుకోరా" అనడానికి అదే బలం. ఆడపిల్లకి ఆ దారి లేదు. ఆమె ఆడితే ఇంటికొచ్చేది మాసిన బట్టలూ, పక్కింటివాళ్ళ మాటలూ. "గెలిస్తే ఏమొస్తది" అన్న తల్లిని అజ్ఞాని అనకండి. ఆమె లెక్క సరైన లెక్కే.

ఆ లెక్క ఎక్కడో ఒకచోట మారుతోందని కూడా చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి వెళ్ళింది. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు తీసుకుంది. అదే సంవత్సరం జులైలో మన సీనియర్ జట్టు థాయిలాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత పొందింది. ఆ అర్హత పోటీల జట్టులో సౌమ్య వుంది. లంబాడా పిల్ల, రైతు బిడ్డ. ఒక్కరు పైకొచ్చారు కాబట్టి అందరికీ దారి వుందనడం మాత్రం నేను ఒప్పుకోను.

దారి కంటే ముందు నేల కావాలి కదా. ఈ బజారు పేరులో ఒక స్త్రీ వుంది. నిజాం అలీఖాన్ బేగం హమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకిచ్చిందని చెప్తారు. పక్కనే గోషామహల్. గోషా అంటే పరదా. రాణివాసం కోసం కట్టిన మహలని అంటారు. అక్కడున్న పోలీసు స్టేడియమే ఈ చుట్టుపక్కల కాస్త విశాలమైన నేల. 2025 జనవరి 31న అక్కడ కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. స్థానికులు వద్దన్నారు, నిరసనలు జరిగాయి. నేనీ విషయంలో ఒక వైపు నిలబడలేకపోతున్నాను. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఉస్మానియాకి జ్వరాలకీ, కాలిన గాయాలతోనూ వెళ్ళేది మనమే. వార్డుల స్థితి మనకి తెలుసు. కొత్త ఆసుపత్రి వద్దని ఏ ఆడమనిషి అంటుంది? కానీ ఆసుపత్రికీ ఆటస్థలానికీ పోటీ పెట్టినప్పుడు ఆటస్థలమే పోతుంది, ఆటస్థలం పోయినప్పుడు ముందు పోయేది ఆడపిల్ల ఆట. మగపిల్లలు గల్లీలో ఆడతారు, ఫ్లైఓవర్ కింద ఆడతారు. ఆడపిల్ల గల్లీలో బంతి తంతే ఊరుకుంటారా?

పాతబస్తీ వైపు నుంచి వచ్చిన పిల్లలు కొందరు తలకి స్కార్ఫ్ కట్టుకుని ఆడొచ్చా అని చీటీ పంపారు. ఆడొచ్చు. ఒకప్పుడు లేదు. 2011 జూన్‌లో ఇరాన్ అమ్మాయిలు ఒలింపిక్ అర్హత పోటీకి అమ్మాన్ వెళ్ళి, జాతీయగీతం పాడి, తలమీద వస్త్రం వుందని మ్యాచ్ ఆడకుండానే ఓడినట్టయ్యారు. కన్నీళ్ళతో మైదానం వదిలారు. 2014 మార్చిలో ఆ నిషేధం ఎత్తేశారు. కప్పుకోమని ఒకరు, తీసెయ్యమని ఒకరు, ఇద్దరూ ఆడపిల్లని గేటు దగ్గరే నిలబెట్టారు.

ఇక రెండో ప్రశ్న, రాత్రి గురించి. చాలా ఏళ్ళ కిందట పరిశోధన పని మీద ఒక జిల్లా క్యాంపుకి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. ఇరవైమంది ఆడపిల్లలు ఒక తరగతి గదిలో నేల మీద పడుకున్నారు. స్నానాలగదికి గొళ్ళెం లేదు. తలుపుకి చున్నీ కట్టి ఒకరు లోపలికెళ్తే ఇద్దరు కాపలా. క్యాంపులో ఒక్క ఆడమనిషి లేదు. సరుకులిచ్చే ఆమె సాయంత్రానికి వెళ్ళిపోతుంది. నెలసరి వచ్చిన పిల్ల రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేక కడుపునొప్పని పడుకుంది. ఆ పిల్లల మీద ఏ అఘాయిత్యమూ జరగలేదు. జరిగి వుంటే మాత్రం ఎవరికి చెప్పేవాళ్ళు?

ఇది ఊహాభయం కాదు. 2022లో ప్రపంచ కప్‌కి తయారవుతున్న మన 17 ఏళ్ళలోపు జట్టు యూరప్ పర్యటనలో వుండగా అసిస్టెంట్ కోచ్ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చింది. ఆయన్ని తొలగించారు, పోక్సో కింద కేసు నడిచింది. 2023లో ఢిల్లీలో మల్లయోధులైన స్త్రీలు రోడ్డు మీద కూర్చున్నది మీరంతా టీవీలో చూశారు.

చట్టం ఏమంటోందో కొంచెం ఓపికగా వినండి. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో "పనిస్థలం" అంటే ఆఫీసు, ఫ్యాక్టరీయే కాదు. స్టేడియం, క్రీడాసంస్థ, శిక్షణ కేంద్రం, పోటీలు జరిగే చోటు కూడా అని స్పష్టంగా రాసి వుంది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే సంస్థలో ఫిర్యాదుల కమిటీ వుండి తీరాలి. కమిటీ లేని చిన్న సంస్థలైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్ళాలి. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. బాధితురాలు పద్దెనిమిదేళ్ళ లోపుదైతే పోక్సో వర్తిస్తుంది. విషయం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసీ దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. "పరువు పోతుంది, టీము పోతుంది" అని నచ్చజెప్పే పెద్దమనిషికి ఈ మాట గుర్తు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పిల్లలూ, ఈ నంబరు నోట్‌బుక్కు వెనక రాసుకోండి.

అంచేత పిల్లని పంపకపోవడం పరిష్కారం కాదు. సంతకం పెట్టే ముందు అడగండి. రాత్రి క్యాంపులో వుండే స్త్రీ ఎవరు, పేరేమిటి? గదికి, స్నానాలగదికి గొళ్ళెం వుందా? ఫిర్యాదు ఎవరికివ్వాలి? తిండి ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత వుంది. అన్నం, పప్పుచారుతో తొంభై నిమిషాలు పరిగెత్తమంటే ఎట్లా? ఇంకో సంగతి, పుట్టిన తేదీ కాగితం ఇప్పుడే సరిచేసుకోండి. పిల్ల ఎంత బాగా ఆడినా పాస్‌పోర్టు లేకపోతే యాంగాన్ లేదు, బిష్కెక్ లేదు. మైనరు పాస్‌పోర్టుకి మామూలుగా తల్లీతండ్రీ ఇద్దరి సంతకం అడుగుతారు. భర్త వదిలేసిన స్త్రీ ఒక్కతే డిక్లరేషన్ ఇచ్చే వీలుంది. అది తెలియక ఆగిపోయినవాళ్ళుంటారు.

స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్లు ప్రతి స్టేడియం గోడ మీద రాయించాలని కలెక్టరుగారికి ఒక అర్జీ తయారు చేశాం. కాగితం ఆ బల్ల మీద వుంది. సంతకమైనా, వేలిముద్రయినా సరే.

చింతపండు పని చేసే ఆ అక్క కూతుర్ని పంపడానికి ఒప్పుకుంది. తను మాత్రం వెళ్ళలేదు. పది రోజుల కూలి పోతే ఇంటద్దె కట్టలేదు. క్యాంపు వచ్చే నెల. వంతులవారీగా రాత్రిళ్ళు అక్కడ వుండటానికి ఐదుగురు కావాలి. నా పేరు రాశాను. ఇంకా నలుగురు కావాలి. మీటింగు అయ్యాక వెళ్ళిపోకుండా ఒక్క పది నిమిషాలు ఆగండి.